పన్నె ఎవరు మోశారు

మా వైపు పెద్ద కరువు మాట ఎత్తితే ఇప్పటికీ కొందరు, "ఆ ఏడు సర్కారు నేతగాళ్ళను కడుపులో పెట్టుకుని కాపాడింది" అంటారు. ఈ మాట పెళ్ళిళ్ళలో విన్నాను, చావు ఇళ్ళ దగ్గర విన్నాను, బస్సుల్లో విన్నాను. విన్న ప్రతిసారీ "మా వీధిలో ఒక ఇల్లు తప్ప" అని చెబుతూ వచ్చాను. వినేవాళ్ళకు విసుగు. చెప్పే నాకూ విసుగే. ఆ ఒక్క ఇల్లు మాది కాబట్టి చెప్పకుండా ఉండలేను.

మాది మైదుకూరుకు పడమరగా ఉన్న ఒక నేత ఊరు. ఇంటికో మగ్గం గుంట. నూలు మాత్రం ఎవరిదీ కాదు, షావుకారుది. ఆయన పడుగు ఇస్తే మేము చీరలు నేసి ఇచ్చి కూలి తెచ్చుకునేవాళ్ళం. మగ్గం మాది, పన్నె ఆయనది. పన్నె అంటే పడుగు పోగులను ఒకదానికొకటి తగలకుండా పట్టి ఉంచే పొడుగాటి దువ్వెన. అది లేకపోతే మగ్గం ఒట్టి కట్టెల కుప్ప. పన్నె విషయంలో మా వీధికి ఒక పాత పద్ధతి ఉండేది. షావుకారు ఒక నేతగాణ్ణి వద్దనుకుంటే తన మనిషిని పంపి పన్నె ఊడదీయించుకునేవాడు. నేతగాడే పని వద్దనుకుంటే తానే దాన్ని భుజాన పెట్టుకుని పోయి షావుకారు అరుగు మీద పెట్టి వచ్చేవాడు. మాటలు అక్కర్లేదు. పన్నె ఎవరు మోశారో చూస్తే చాలు, ఎవరు ఎవరిని వదిలారో వీధికంతా తెలిసిపోయేది.

మా నాన్న పోయేనాటికి నేను ఎనిమిదో తరగతి గట్టెక్కాను. ఆ వేసవిలోనే ఆయన కాళ్ళు పెట్టిన గుంటలో నా కాళ్ళు పెట్టాను. ఇంట్లో అమ్మ, నేను. కొన్నేళ్ళు అట్లాగే గడిచాయి. ఎనిమిది చదివినవాళ్ళను కడపలో టీచరు ట్రైనింగుకు తీసుకుంటారని, చదివినన్నాళ్ళూ తిండికి సరిపడా స్టైపెండు ఇస్తారని మా ఊరి బడి పంతులు చెప్పాడు. దరఖాస్తు పెట్టాను. సీటు వచ్చింది. అయితే బడి తెరిచేది ఎండలు తగ్గాక. నా చేతికి ఆ కబురు వచ్చేనాటికి ఇంకా ఉగాది కూడా కాలేదు.

ఉగాది అంటే మాకు బయానాల కాలం. షావుకారు బయానా ఇచ్చి నేతగాణ్ణి ఏడాదికి కట్టేసుకుంటాడు. తీసుకున్నవాడు మళ్ళీ ఉగాది దాకా ఇంకో పని ముట్టుకోకూడదు. నేను తీసుకుంటే బడి పోయినట్టే. అందుకని ముందే వెళ్ళి చెప్పాను. షావుకారు మా కులంవాడే, వరసకు మామా అని పిలిచేవాణ్ణి.

"మామా, బడి తెరిచేదాంక నేస్తా. నాకు బయానా వద్దు. నేసిన చీరకు కూలి ఇయ్యి, సాలు."

ఆయన తమలపాకుకు సున్నం రాస్తూ నా వైపు చూడనైనా చూడలేదు. "అర్ధం మనిషి నాకొద్దప్పా. ఉంటే ఏడాది ఉండు. లేదంటే నీ ఇష్టం."

"అంటే పొమ్మంటాండావా?"

"నేను పొమ్మనలే. ఉండమనే అంటాండా. నీకే చదువు గాలి తగిలిండాది. ఏమప్పా, రేపు నువ్వు అయ్యోరు అయితే మా మనవళ్ళు నీకు దండాలు పెట్టాల్నా?"

అరుగు మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. ఒకాయన నోటినిండా వక్కాకు ఉండి నవ్వలేక దగ్గాడు. ఆయన్ను కూడా నవ్వినవాళ్ళలోనే వేసుకున్నాను.

మగ్గం మీద ఉన్న పడుగును మధ్యలో వదిలితే నేతగాడికి పరువు ఉండదు. అందుకని చివరి పోగు దాకా నేసి చీరలు కోసి మడత పెట్టాను. తర్వాత పన్నె ఊడదీస్తుంటే అమ్మ వచ్చి గుంట పక్కన కూర్చుంది.

"దాన్ని ఉండనీ నాయనా. కావాలంటే వాళ్ళే వచ్చి తీసుకపోతారు. నీకెందుకు మోత?"

"వాళ్ళ సొమ్ము మనింట్లో వద్దు."

"సొమ్మంట, సొమ్ము! రెల్లుపుల్లలు."

"వాళ్ళ రెల్లుపుల్లలే."

పట్టపగలు, వీధి వీధంతా అరుగుల మీద ఉండగా, చీరలు చంకలో, పన్నె భుజాన పెట్టుకుని నడిచి వెళ్ళాను. షావుకారు అప్పుడు కూడా తల తిప్పలేదు. "ఆ మూల పెట్టు" అన్నాడు. అంతే. నేను ఆ రోజు చేసింది సరైన పనే. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. ఏడాదికి కట్టుబడితేనే పని, లేకపోతే లేదు అనడం తీసేయడం కాకపోతే మరేమిటో ఇన్నేళ్ళయినా నాకెవరూ విప్పి చెప్పలేదు.

అప్పటికే ఆ ఏడు తొలకరి ముంగారి వానలు ఎగ్గొట్టాయి. వెనక రావాల్సిన హింగారి వానలు మబ్బు చూపించి పోయాయి. ఉగాది వచ్చేసరికి రైతు చేతిలో ఏమీ లేదు. రైతు కొనకపోతే చీర ఎవరు కొంటారు? బయానాలు పంచి నెల తిరక్కముందే షావుకారు వీధి మొత్తానికీ నూలు ఆపేశాడు. అరుగు మీద నవ్వినవాళ్ళకూ ఆపేశాడు. మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఇళ్ళలో పన్నెలు మాత్రం పాత పోగుల కొసలతో అట్లాగే ఉండిపోయాయి. మళ్ళీ నూలు వస్తే ఆ కొసలకే కొత్త పడుగు అతుకుకోవచ్చని.

మా ఇంట్లో సంకటి పోయి గంజి మిగిలింది. గంజి పొద్దు మార్చి పొద్దు పలచబడుతూ వచ్చింది. అమ్మ నాకు గిన్నె అడుగునున్న చిక్కటిది పోసి, పైతేట తాను తాగేది. వద్దంటే పోట్లాట. పోట్లాడే ఓపిక కూడా ఇద్దరికీ ఉండేది కాదు.

అప్పుడు సర్కారు కరువు పనులు తెరిచింది. రైతులకు, కూలీలకు రోడ్డు మీద కంకర కొట్టే పని. నేతగాళ్ళకు మాత్రం వేరుగా పెట్టారు. సమ్మెట పట్టిన చెయ్యి మళ్ళీ సన్నపోగు పట్టలేదని పైనున్న దొరలకు ఎవరో చెప్పారట. సర్కారే నూలు ఇస్తుంది, నేసిన గుడ్డ తీసుకుని కూలి ఇస్తుంది. టముకు వేసినవాడు వీధిలో "పని పోయిన నేతోళ్ళకు" అని అరిచాడు. ఆ మాట విని మా అమ్మ చాలా రోజుల తర్వాత ఇల్లు అలికింది. బడి తెరిచేదాకా ఆ కూలి ఉంటే చాలు. అంతకుమించి నాకు సర్కారుతో పని లేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోస్తా వైపు సర్కారు జిల్లాలవాడు, ఎండకు ముఖం కందిపోయి ఉంది. వెంట మా ఊరి కరణం. ఇంటింటికీ వచ్చి మగ్గం చూస్తున్నారు. పన్నెలో పాత కొసలు ఉంటే పని ఆగిపోయిన మగ్గమని పేరు రాసుకుంటున్నారు. మా ఇంట్లోకి వచ్చి గుంటలోకి వంగి చూశాడు.

"మీ పన్నె ఏదయ్యా?"

"షావుకారు కాడ ఉండాది సార్."

"ఆయన మనిషి వచ్చి తీసుకుపోయాడా?"

నేను నోరు తెరిచేలోపే కరణం అందుకున్నాడు. "వీడే మోసుకపోయి ఇచ్చినాడు సార్. ఊరంతా చూసింది."

"అయితే నువ్వే మానుకున్నావు. పని ఉండి మానుకున్నవాళ్ళకు ఇది వర్తించదు."

"సార్, ఆయప్ప ఏడాదికి కట్టుబడితేనే పని అన్న్యాడు. అది తీసేసినట్టు కాదా?"

"ఉండమన్నాడా, పొమ్మన్నాడా? అది చెప్పు."

"ఉండమన్న్యాడు గానీ..."

"గానీ ఏమీ లేదు."

నేను వదల్లేదు. "సార్, ఈ పొద్దు వీధిలో యాడా నూలు లేదు. నేను మానుకోకపోయినా ఈ పొద్దుకు అందరి మాదిరే ఇంట్లో కూచొని ఉండేవాణ్ణే గదా?"

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేమీ కాదు, ఆలోచించాడు. "అది నిజమే. కానీ నువ్వు ముందే కూర్చున్నావు."

బడి సంగతి చెబితే జాలిపడతాడేమోనని కడప సీటు మాట ఎత్తాను. అదీ బెడిసికొట్టింది. "బడి తెరిస్తే పోయేవాడివి నీకు మగ్గమెందుకు? ఇది మగ్గం మీదే బతికేవాళ్ళకు" అని కండువాతో మెడ తుడుచుకుంటూ పక్కింటికి నడిచాడు. బడి తెరిచేదాకా మగ్గం మీద బతకనివ్వకపోతేనే కదా ఇదంతా. ఆ మాట ఆయన వీధి దాటిపోయాక తోచింది. అట్లాంటి మాటలు నాకెప్పుడూ మనిషి పోయాకే తోస్తాయి.

పక్కింటావిడ గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆమె పేరు రాసుకున్నారు, అందుకని గొంతు లేచింది. "జాతరలో దేవుణ్ణి మోసినట్టు మోసుకపోతివి గదబ్బీ పన్నెని. ఇప్పుడు సర్కారు నీకు పల్లకీ పంపుతాదని కూచున్యావా?"

"నీకు పంపిండారు గదత్తా, ఎక్కి ఊరేగు" అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టి లోపలికి లాగింది.

నేను తాలూకా కచేరీకి నడిచి వెళ్ళాను. ఒకసారి కాదు. మొదటిసారి గుమాస్తా భోజనానికి వెళ్ళాడన్నారు. తర్వాత క్యాంపుకు వెళ్ళాడన్నారు. ఎదురుపడ్డ రోజు నేను చెప్పేది సగం విని, "మీ షావుకారు చేత తానే తీసేశానని చెప్పించు. తక్కిన సంగతి నేను చూస్తా" అన్నాడు. ఇంత చిన్న మాట మొదటి రోజే గుమ్మంలో జవాను చేత చెప్పించినా సరిపోయేది. నా కాళ్ళకు ఆ దారంతా తప్పేది.

షావుకారు దగ్గరకు మళ్ళీ వెళ్ళడానికి నాకు చాలా రోజులు పట్టింది. చివరికి అమ్మ కళ్ళు తిరిగి నీళ్ళ కుండ దగ్గర కూలబడింది. లేపి కూర్చోబెట్టి, ముఖాన నీళ్ళు చల్లి, నేరుగా ఆయన ఇంటికి వెళ్ళాను.

అరుగు మీద ఎవరూ లేరు. కరువులో అరుగుల మీద కూర్చునేవాళ్ళు కూడా తగ్గిపోతారు. ఆయన నన్ను చూసి, "కూచో" అన్నాడు. అన్నేళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదలు. సంగతంతా విన్నాడు.

"దాందేముందిలేప్పా, నోటి మాటే గదా. నేనే తీసేసినానని చెప్తా. మళ్ళా ఇచ్చినానని కూడా చెప్తా. పన్నె ఎత్తుకపో, ఆడనే ఉండాది. సర్కారు నూలు నేసుకో, మీయమ్మకు ఇంత బువ్వ పెట్టు." ఆగి తమలపాకు చుట్టాడు. "గానీ వాన పడి నా నూలు వచ్చినాక మాత్రం నాకు ఏడాది నేయాల. నేనూ శానా మునిగిండా. మంచి చెయ్యి పోగొట్టుకోలేను."

"అంతలోకే బడి తెరుస్తారు మామా."

"బడి యాడికి పోతాది? గోడలు గదా. వచ్చే ఏడు పోదువు."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు, ఎగతాళిగానూ అనలేదు. కోపంగా అని ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో. పన్నె నేను పెట్టిన మూలనే దుమ్ము పట్టి ఉంది. దాన్ని ఎత్తుకుంటే ఆ పూట నుంచే ఇంట్లో అన్నం. ఎత్తుకోకపోతే ఏమిటో నాకు తెలియదు. వచ్చే ఏడు మళ్ళీ ఉగాది వస్తుంది, మళ్ళీ బయానా వస్తుంది, బడి మళ్ళీ ఎండలు తగ్గాకే తెరుస్తారు. అది మాత్రం తెలుసు. లేచి వచ్చేశాను.

అమ్మ నా వట్టి భుజాలు చూసింది. "తెచ్చుకుంటే ఏం పోయ్యేది?"

"బడి పోతాది."

"కడుపు పోయినాక బడి ఎవురికి?"

తెల్లవారాక అమ్మ తలకు పాత గుడ్డ చుట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, "లెయ్. రాళ్ళకు పోదాం పద" అంది.

కంకర పని దగ్గర మేస్త్రీ మమ్మల్ని చూడగానే చెయ్యి అడ్డం పెట్టాడు. మా చేతులు చూసే పోల్చాడు.

"నేతోళ్ళకు వేరేగా ఉండాది గదా. ఈడ సేద్యగాళ్ళకు, కూలోళ్ళకే."

"ఆడ మాకు లేదన్న్యారన్నా."

"ఆడ లేకుంటే ఈడెట్లుంటాది? నేతోళ్ళని ఈడ పెట్టుకుంటే నన్ను పీకుతారు. పోయి మీ కరణాన్ని అడుగు."

ఆడ మానుకున్నవాణ్ణి కాబట్టి లేదు. ఈడ నేతగాణ్ణి కాబట్టి లేదు. ఒకే సర్కారు, రెండు వాకిళ్ళు, రెంటికీ నేనే అడ్డం. కరణం చావడిలో ఉన్నాడు. చుట్టూ జనం ఉన్నారు. నేను చెప్పిందంతా విని మీసం దువ్వుకున్నాడు.

"దీనికి ఒక్కటే దారి. కూలోళ్ళ కింద రాస్తా. రేపు ఎవురైనా అడిగితే నా మీదికి రాకూడదు. నేతోళ్ళం గాదని అందరి ముందర మీ నోటితో చెప్పండి."

నేను చెప్పడానికే నోరు తెరిచాను. మాట రాలేదు. మానుకున్నవాడు అని వాళ్ళంటే పోట్లాడాను గానీ, నేతగాణ్ణి కాదని నేనే అనాల్సి వస్తుందని అనుకోలేదు. మగ్గం వదిలి వెళ్ళాలనుకున్నవాణ్ణే, అయినా రాలేదు. ఆలోపు అమ్మ చెప్పింది. నూలు కండెలు చుడుతూ పుట్టింటి నుంచి వచ్చి, కండెలు చుడుతూ తల నెరసిన మనిషి.

"గాదులేప్పా. మేము నేతోళ్ళం గాదు. రాసుకో."

చావడిలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను, కనీసం కోపం పెట్టుకోవడానికి ఎవరో ఒకరు దొరికేవాళ్ళు. అమ్మ వెంటే నేనూ ఆ మాట అన్నాను. కరణం రాసుకున్నాడు.

ఆ ఎండాకాలం గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. రాయి, సమ్మెట, ఎండ. అమ్మ రాళ్ళు కుప్ప చేసేది, నేను కొట్టేవాణ్ణి. సాయంత్రం మేస్త్రీ కొలపెట్టె తెచ్చి కుప్ప కొలిచేవాడు, ప్రతిసారీ కొంచెం తక్కువే వచ్చేది. అరచేతుల్లో బొబ్బలు లేచి, చితికి, మళ్ళీ లేచి, చివరికి కాయలు కాశాయి. గుమ్మడి తీగలాగా వాలిపోయి ఇంటికి చేరేవాళ్ళం. మాట్లాడుకోవడం కూడా మానేశాం. మాట్లాడితే దప్పిక.

మా వీధివాళ్ళు సర్కారు నూలు కట్టలు నెత్తిన పెట్టుకుని ఆ రోడ్డు మీదుగానే వెళ్ళేవాళ్ళు. కొందరు తల వంచుకుని పోయేవాళ్ళు. ఒకడు మాత్రం, అరుగు మీద గట్టిగా నవ్వినవాళ్ళలో ఒకడు, నా కుప్ప దగ్గర ఆగాడు.

"ఏమప్పా అయ్యోరా, పలక కోసం రాళ్ళు కొడతాండావా? పిల్లోళ్ళకు ఒక్క పలక సాలు, ఇంత కుప్ప ఎందుకప్పా?"

నేను తల ఎత్తలేదు. అమ్మ ఎత్తింది. "నీ మనవడికి కూడా కొడతాండాడులే నాయనా. పో, నూలు ఎండిపోతాది" అంది. వాడు పోయాడు. నూలు ఎండితే ఏమవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మకు ఆ వేళ నోటికొచ్చింది అదే.

బడి తెరిచే రోజు దగ్గరపడింది. అమ్మ నాతో రానంది. వానలు పడేదాకా రాళ్ళ పని ఉంటుందట, వదులుకుంటే మళ్ళీ ఎవరు ఇస్తారని. ఆమెకు ఒక్క విషయం బాగా అర్థమైంది. పని తానుగా వదలకూడదు. మైదుకూరు దాకా నడిచి, అక్కడ కడప బస్సెక్కాను. కూర్చోగానే కళ్ళు మూతలు పడ్డాయి.

ట్రైనింగు బడిలో చేరాను. స్టైపెండు నెల నిండాకే ఇస్తారని చేరాకే చెప్పారు. ఆ నెల ఎట్లా గడిచిందో వేరే కథ, అందులోనూ గుర్తుంచుకోవాల్సినవాళ్ళు కొందరున్నారు. మొదటి రోజు మొదటి పాఠం, పిల్లవాడి చెయ్యి పట్టి అక్షరం ఎట్లా దిద్దించాలి అని. గది చల్లగా ఉంది. చాలా రోజుల తర్వాత నీడలో, బెంచీ మీద, ఏ పనీ లేకుండా కూర్చున్నాను. మేష్టరు "అ" దాకా కూడా రాలేదు, నేను నిద్రపోయాను.

"ఏమప్పా, రాత్రంతా ఏం చేసినావు?" అని ఆయన గద్దించాడు.

"రాళ్ళు కొట్టినా సార్" అన్నాను, ఇంకా మెలకువ రాకుండానే. "రాత్రి గాదు, ఎండాకాలమంతా."

క్లాసంతా గొల్లుమంది. వెటకారం అనుకుని ఆయన నన్ను పీరియడు అయ్యేదాకా నిలబడమన్నాడు. నిలబడ్డాను. నిలబడే నిద్రపోయాను. పడిపోబోతుంటే పక్కనున్నతను నా నడుం పట్టుకుని, గంట కొట్టేదాకా అట్లాగే పట్టుకుని ఉన్నాడు. నవ్వినవాళ్ళలో అతను కూడా ఉన్నాడు.